ఊదితే క్లిక్, పీలిస్తే బ్యాక్: ఊపిరి స్విచ్‌ల మీద పాఠకుల ప్రశ్నలు

చేతులు ఆడనివాళ్లు నోటి దగ్గర పెట్టుకున్న సన్నటి గొట్టంలోకి ఊది, పీల్చి ఫోనూ కంప్యూటరూ నడుపుకోవచ్చు. దీన్నే సిప్ అండ్ పఫ్ స్విచ్ అంటారు. వచ్చిన ప్రశ్నల్లో నలుగురికీ పనికొచ్చేవి ఏరి జవాబులు ఇస్తున్నాం.

ప్ర: మా తమ్ముడు తాడిచెట్టు మీంచి పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. మాట బాగానే వస్తుంది కానీ గట్టిగా దగ్గలేడు. అంత తక్కువ ఊపిరితో ఫోను నడుస్తుందా? – రాజమహేంద్రవరం

జ: నడుస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఈ స్విచ్‌కి కావలసింది ఊపిరితిత్తుల బలం కాదు, బుగ్గల బలం. పెదవులు గొట్టం చుట్టూ మూసి, బుగ్గలు కాస్త నొక్కితే నోట్లో ఉన్న గాలే గొట్టంలోకి వెళ్తుంది. పీల్చేటప్పుడు కూడా అంతే, నాలుకను కొంచెం వెనక్కి లాగితే సరిపోతుంది. ఆ సమయంలో ముక్కుతో శ్వాస మామూలుగా ఆడుతూనే ఉండాలి. ఛాతీతో ఊదడం అలవాటైతే పది నిమిషాల్లో తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కినట్టు ఉంటుంది. అది నీరసం వల్ల కాదు, అతిగా శ్వాస తీయడం వల్ల.

పరికరం కొనే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడండి. గ్లాసులో నీళ్లు పోసి, స్ట్రా కొస నీటి మట్టానికి సరిగ్గా 5 సెంటీమీటర్ల లోతులో ఉండేలా పట్టుకోండి. స్ట్రా మీద ముందే స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకుంటే సులువు. తమ్ముడు బుగ్గలతో ఊది బుడగలు తెప్పించగలిగితే అతను సుమారు 0.5 కిలోపాస్కల్ ఒత్తిడి ఇస్తున్నట్టు. స్విచ్‌కి అందులో సగం ఉన్నా చాలు. అతని ముక్కు కింద మీ వేలు పెట్టి చూడండి. బుడగలు వస్తున్నప్పుడు కూడా వేలికి గాలి తగులుతుంటే బుగ్గలతో ఊదే పద్ధతి పట్టుబడినట్టే.

పీల్చే పరీక్ష నీళ్లతో చేయకండి. మెడ గాయం ఉన్నవాళ్లలో కొందరికి మింగడం సరిగా ఉండదు, దగ్గే బలమూ తక్కువ, నీళ్లు శ్వాసనాళంలోకి పోతే బయటికి రావు. చిన్న కాగితం ముక్క అరచేతిలో పెట్టుకుని, స్ట్రా కొసతో పీల్చి అంటించుకుని ఎత్తమనండి. రెండు సెకన్లు నిలిపితే బ్రహ్మాండం. కాగితం మాత్రం స్ట్రా రంధ్రం కంటే బాగా పెద్దదిగా ఉండాలి. గొంతుకు ట్రకియాస్టమీ గొట్టం (శ్వాస ఆడటానికి మెడ దగ్గర రంధ్రం చేసి పెట్టేది) ఉన్నా బుగ్గల పద్ధతి సాధారణంగా పనిచేస్తుంది, కానీ మొదలుపెట్టేముందు డాక్టరుకో, ఫిజియోథెరపిస్టుకో చెప్పండి.

ఇది నిన్న మొన్న వచ్చిన విద్య కూడా కాదు. ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో రెజ్ మాలింగ్ బృందం 1960ల మొదట్లోనే ‘పాసమ్’ అనే యంత్రం తయారుచేసింది. మంచం మీద కదలలేని రోగులు గొట్టంలోకి ఊది, పీల్చి దీపాలూ గంటలూ టైప్‌రైటరూ నడిపారు.

ప్ర: ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టుగా సిప్ అండ్ పఫ్ స్విచ్ చేద్దామనుకుంటున్నాం. ఏ సెన్సర్, ఏ బోర్డు తీసుకోవాలి? ప్రోగ్రాం ఎలా రాయాలి? – వరంగల్

జ: బోర్డుతో మొదలుపెడదాం. అందరి దగ్గరా ఆర్డుయినో ఉనో ఉంటుంది, అది వద్దు. ఫోనుకీ కంప్యూటరుకీ అది నేరుగా కీబోర్డులా కనబడదు. ఏటీమెగా32యూ4 చిప్ ఉన్న లియోనార్డో గానీ, 5 వోల్టుల ప్రో మైక్రో గానీ తీసుకోండి. యూఎస్‌బీ వైరు గుచ్చగానే అవి కీబోర్డులా పరిచయం చేసుకుంటాయి, విడిగా డ్రైవర్ అక్కర్లేదు.

సెన్సర్ ఎంపీఎక్స్‌వీ7002డీపీ. షాపుల్లో దీన్ని డ్రోన్ల ఎయిర్‌స్పీడ్ సెన్సర్ అనే పేరుతో అమ్ముతారు, ఆ పేరుతో వెతికితే తొందరగా దొరుకుతుంది. కొలిచేది మైనస్ 2 నుంచి ప్లస్ 2 కిలోపాస్కల్ వరకు. 5 వోల్టులు ఇస్తే ఒత్తిడి లేనప్పుడు 2.5 వోల్టులు చూపిస్తుంది, ఒక కిలోపాస్కల్‌కి ఒక వోల్టు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. ఊదడం, పీల్చడం రెండూ ఒకే సెన్సర్‌తో తెలుస్తాయి కాబట్టే దీన్ని చెబుతున్నాం. ఎంపీఎక్స్5010డీపీ తెచ్చుకుని పీల్చడం ఎందుకు రావడం లేదని తల పట్టుకునేవాళ్లున్నారు. అది 0 నుంచి 10 కిలోపాస్కల్ వరకు ఒకవైపే కొలుస్తుంది.

వైర్లు మూడే. సెన్సర్ 5 వోల్టుల కాలు బోర్డు 5 వోల్టులకి, గ్రౌండు గ్రౌండుకి, అవుట్‌పుట్ ఏ0 పిన్నుకి. విడి చిప్ కొన్నట్లయితే దాని పవర్ కాళ్ల దగ్గర 1 మైక్రోఫారడ్, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్లూ, అవుట్‌పుట్‌కీ గ్రౌండుకీ మధ్య 470 పీకోఫారడ్ కెపాసిటరూ పెట్టండి. సెన్సర్‌కి రెండు మూతులుంటాయి. ఒకదానికి నోటి ట్యూబు, రెండోది గదిగాలికి తెరిచే ఉండాలి. దుమ్ము పోతుందని రెండోదానికి టేపు అంటిస్తే గది వేడెక్కినప్పుడల్లా రీడింగు జారిపోతుంది. ట్యూబు 60–80 సెంటీమీటర్లు చాలు. సెన్సర్ మూతికి బిగుతుగా పట్టాలి. అక్వేరియం గాలి గొట్టం వదులుగా ఉంటే మధ్యలో సన్నటి సిలికాన్ ముక్క తొడగండి. వేడి జిగురు మాత్రం పోయకండి, లోపలికి పాకి రంధ్రం మూసేస్తుంది.

ఇక ప్రోగ్రాం. బోర్డు ఆన్ కాగానే 5 మిల్లీసెకన్లకొకటి చొప్పున 200 రీడింగులు తీసుకుని సగటు కట్టండి, అదే మీ సున్నా. ఆ ఒక్క సెకను ట్యూబు ఎవరి నోట్లోనూ ఉండకూడదు. బోర్డు 0–5 వోల్టులను 0–1023 అంకెలుగా చదువుతుంది కాబట్టి సున్నా 512 దగ్గర రావాలి. సెన్సర్లలో తేడాల వల్ల 460 నుంచి 565 దాకా వచ్చినా ఫరవాలేదు. 300 అనో 900 అనో వస్తే వైరింగ్ తప్పు. తర్వాత 5 మిల్లీసెకన్లకొకసారి చదువుతూ చివరి నాలుగింటి సగటు వాడండి. సున్నా కన్నా 60 పైకి వెళ్తే ఊదినట్టు, 60 కిందికి వెళ్తే పీల్చినట్టు. ఇది ఇంచుమించు 3 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి. వదిలినట్టు లెక్కవేసే గీత మాత్రం 60 దగ్గర కాదు, 30 దగ్గర పెట్టాలి. రెండూ ఒకేచోట పెడితే రీడింగు ఆ గీత మీద వణికినప్పుడల్లా ఒక్క ఊదుకి మూడు నాలుగు క్లిక్‌లు పడతాయి. మొదటిసారి చేసేవాళ్ల ప్రాజెక్టుల్లో సగం ఫిర్యాదులు దీనివల్లే.

కనీసం 60 మిల్లీసెకన్లు నిలవని ఊదుని లెక్కలోకి తీసుకోకండి. మాట్లాడేటప్పుడు వచ్చే ‘ప’, ‘ఫ’ గాలి దెబ్బలు అలా వడకట్టుకుపోతాయి. 500 మిల్లీసెకన్ల లోపు వదిలితే పొట్టి ఊదు, 800 దాటితే పొడుగు ఊదు, మధ్యలో వచ్చినదాన్ని పట్టించుకోకండి. కీ పంపాక 200 మిల్లీసెకన్లు విరామం ఇవ్వండి. ఊదు, పీల్పులకు పైన పెట్టిన 60 రీడింగు గీత ప్రారంభానికే. వాడే మనిషి చేత హాయిగా, కష్టపడకుండా ఇరవైసార్లు ఊదించి, అందులో అతి బలహీనమైన రీడింగు చూసి, దానిలో సగం దగ్గర గీత పెట్టండి. పీల్చడానికి వేరుగా కొలవండి, రెండూ సమానంగా ఉండవు.

గట్టి ఊదు, మెల్లటి ఊదు, గట్టి పీల్పు, మెల్లటి పీల్పు అంటూ ఆరేసి ఆజ్ఞలు పెట్టి డెమోలో మార్కులు కొట్టేయాలని ఉంటుంది. రోజంతా వాడే మనిషికి మాత్రం తప్పకుండా పడే రెండు ఆజ్ఞలు, ఎప్పుడోగానీ పడని ఆరు ఆజ్ఞల కంటే మేలు. సాయంత్రానికి పెదవులు అలిసిపోయి మెల్లటి ఊదుకీ గట్టి ఊదుకీ తేడా చెరిగిపోతుంది. కావాలంటే బలాన్ని వదిలేసి, పొట్టి పొడుగుల తేడా పెట్టుకోండి.

ఇంకో చిన్న జాగ్రత్త. ప్రోగ్రాంలో తప్పుండి బోర్డు ఆగకుండా కీలు కొడుతుంటే మీ కంప్యూటర్లో కొత్త ప్రోగ్రాం ఎక్కించడం కూడా కష్టమవుతుంది. 2వ పిన్నుని గ్రౌండుకి కలిపితే కీలు పంపడం ఆగిపోయేలా మొదటి రోజే రాసుకోండి. అది రాయకముందే ఇరుక్కుంటే ప్రో మైక్రోలో రీసెట్ రెండుసార్లు చకచకా తాకించండి, ఎనిమిది సెకన్లు ఎక్కించుకునే వ్యవధి దొరుకుతుంది.

వైర్‌లెస్ కావాలంటే బ్లూటూత్ ఉన్న ఈఎస్‌పీ32 తీసుకోండి. కానీ అది 3.3 వోల్టుల బోర్డు, సెన్సర్ 4.5 వోల్టుల దాకా ఇస్తుంది. సెన్సర్ అవుట్‌పుట్ నుంచి 10 కిలోఓమ్‌లు, అక్కణ్నుంచి గ్రౌండుకి 20 కిలోఓమ్‌లు పెట్టి మధ్య బిందువుని పిన్నుకి కలిపితే 4.5 కాస్తా 3 వోల్టులవుతుంది. అంకెలు ఈ బోర్డులో వేరుగా వస్తాయి, గీతలు మళ్లీ కొలుచుకోవాలి.

ప్ర: స్విచ్ మొదట బాగా పనిచేస్తుంది. గంట గడిచాక ఎవరూ ఊదకుండానే క్లిక్‌లు పడతాయి, లేదా ఊదినా పడవు. సెన్సర్ పాడైందా? – గుంటూరు

జ: సెన్సర్ మీద అనుమానం ఆఖర్న పెట్టుకోండి. ముందు ట్యూబుని వెలుతురుకి ఎత్తి చూడండి. లోపలి గోడల మీద సన్నటి నీటి బిందువులుంటే దొంగ దొరికినట్టే. నోటి గాలిలో ఆవిరి చల్లటి ట్యూబులో నీరవుతుంది. ఏసీ గదిలో ఇంకా తొందరగా. ఒక్క బొట్టు ట్యూబుకి అడ్డంగా నిలిచినా గాలి ఒత్తిడి అటువైపు సరిగా అందదు, ఊదడం ఆపినా ఒత్తిడి అలాగే చిక్కుకుని ఉంటుంది. ఊదకుండా పడే క్లిక్‌లు అవే.

విరుగుడు మూడు చోట్ల ఉంది. సెన్సర్ పెట్టెని నోటి కంటే 15–20 సెంటీమీటర్లు ఎత్తులో బిగించండి. ట్యూబు నోటి నుంచి కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి, అప్పుడు నీరు ఆ వంపులోనే ఆగుతుంది. మధ్యలో 0.2 మైక్రాన్ల నీరంటని ఫిల్టరు పెట్టండి, గాలిని వదిలి ఉమ్మిని ఆపుతుంది. సెలైన్, మందుల సరఫరాల దుకాణాల్లో సిరంజి ఫిల్టర్ అని అడిగితే ఇస్తారు, కానీ ‘హైడ్రోఫోబిక్’ రకమే అని చూసుకోండి. మామూలు రకం ఒకసారి తడిస్తే గాలిని కూడా ఆపేస్తుంది.

ట్యూబు పొడిగా ఉన్నా జారుతుంటే సున్నా కదులుతోందని అర్థం. రీడింగు సున్నాకి అటూ ఇటూ 15 లోపు ఉన్నంతసేపూ, సున్నాని చాలా నెమ్మదిగా ఆ రీడింగు వైపు జరిపేలా ప్రోగ్రాంలో రాయండి. సెకనుకి ఒక అంకె కంటే వేగంగా జరపకండి. వేగం పెంచితే మెల్లగా మొదలయ్యే ఊదుని కూడా సున్నాగా మింగేస్తుంది.

ఊదినా పడకపోతే ట్యూబు దిండు కింద నలిగిందేమో చూడండి. నవ్వొస్తుంది గానీ, ఎక్కువసార్లు తేలేది ఇదే.

ప్ర: స్విచ్ దొరికింది. ఆండ్రాయిడ్ ఫోన్లో అమర్చడం, తెలుగులో టైపు చేయడం ఎలా? – కర్నూలు

జ: ఓటీజీ వైరుతో (ఫోనుకి యూఎస్‌బీ పరికరాలు తగిలించేది) స్విచ్‌ని ఫోనుకి కలపండి. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి స్విచ్ యాక్సెస్ ఆన్ చేయండి. ఎన్ని స్విచ్‌లని అడుగుతుంది. ఒకటే అయితే ఆటో స్కాన్. అంటే తెర మీద గుర్తులన్నిటి మీదా ఒక గడి దానంతటదే జరుగుతూ పోతుంది, కావలసినచోట ఊదితే ఎంపికవుతుంది. రెండు స్విచ్‌లైతే పీల్చినప్పుడు గడి ముందుకు, ఊదినప్పుడు ఎంపిక. మొదటి వారం ఆటో స్కానే మంచిది, వేగం 2 సెకన్లు పెట్టండి. గడి సరైనచోటు దాటిపోయాక ఊదుతుంటే వేగం తగ్గించాలి, గడి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ విసుక్కుంటుంటే కొద్ది కొద్దిగా పెంచాలి. మొదటి గుర్తు మీద కాస్త ఎక్కువసేపు ఆగే సెట్టింగు కూడా ఉంది. దాన్ని వాడండి, లేకపోతే మొదటి గుర్తు ఎప్పుడూ చేజారుతుంది.

కొన్ని ఫోన్లలో ఓటీజీ పది నిమిషాలు వాడకపోతే దానంతటదే ఆగిపోతుంది. స్విచ్ చచ్చిపోయిందనుకుని విప్పేయకముందు ఓటీజీ సెట్టింగు చూడండి. ఐఫోన్ అయితే యాక్సెసిబిలిటీలో స్విచ్ కంట్రోల్. అందులో ఇంకో మెలిక ఉంది. తాళం పడి గంట దాటాక వైరుతో తగిలించిన పరికరాలను ఫోను పట్టించుకోకపోవచ్చు. సెట్టింగుల్లో తాళం ఉన్నప్పుడు కూడా యాక్సెసరీలను అనుమతించేది ఆన్‌లో ఉందో లేదో సరిచూడండి.

టైపింగ్ దగ్గర అందరూ చిక్కుకునే చోటు ఒకటుంది. మీ స్విచ్‌ని ఫోను కీబోర్డు అనుకుంటోంది కదా, ‘నిజం కీబోర్డు తగిలించారు, ఇక నాదెందుకు’ అని తెర మీది కీబోర్డుని దాచేస్తుంది. సెట్టింగుల్లో భాష, ఇన్‌పుట్ విభాగంలో ఫిజికల్ కీబోర్డు కిందికి వెళ్లి, ఆన్-స్క్రీన్ కీబోర్డుని చూపించమని చెప్పాలి.

స్కానింగ్ పద్ధతి ‘వరస-నిలువు’ పెట్టండి. ముందు ఏ వరసో ఊదాలి, తర్వాత ఆ వరసలో ఏ అక్షరమో ఊదాలి. ఒక్కో గడికి ఒక సెకను, నాలుగు వరసలు, వరసకి పది కీలు అనుకుంటే సగటున అక్షరానికి 8 సెకన్లు పడుతుంది. ఇంగ్లీషుకి అది ఓర్చుకోవచ్చు. తెలుగులో ‘స్త్రీ’ అనడానికి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు నొక్కాలి, ఒక్క మాటకే ముప్పావు నిమిషం. అందుకని మాట స్పష్టంగా ఉన్నవాళ్లు అక్షరాలకు ఊపిరి ఖర్చుపెట్టకండి. గూగుల్ కీబోర్డు యాప్ జీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది. ఊపిరితో మైకు గుర్తు నొక్కి, నోటితో చెప్పి, తప్పు పడిన మాట ఒక్కటే స్కాన్ చేసి దిద్దుకోండి. మాట స్పష్టంగా లేనివాళ్లకు లిప్యంతరీకరణ కీబోర్డు నయం. మొదటి మూడు ఇంగ్లీషు అక్షరాలకే పైన తెలుగు మాటల సూచనలు వస్తాయి. ‘నీళ్లు కావాలి’, ‘పక్కకి తిప్పు’ లాంటి రోజువారీ వాక్యాలను వ్యక్తిగత నిఘంటువులో చిన్న సంకేతాలతో దాచుకుంటే రోజుకి ఎన్ని ఊదులు మిగులుతాయో చెప్పలేం.

పక్కన ఉండేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. గడి ఎక్కడో ఇరుక్కుని ఫోను మాట వినకపోతే రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి కాసేపు నొక్కితే స్విచ్ యాక్సెస్ ఆగేలా షార్ట్‌కట్ ముందే పెట్టుకోండి. ఐఫోన్లో పక్క బటన్ మూడుసార్లు నొక్కేలా పెట్టుకోవచ్చు.

ప్ర: ట్యూబు, సెన్సర్ ఎందుకు? ఫోను మైకులోకి ఊదితే పనిచేసే యాప్ చాలదా? – హైదరాబాద్

జ: ఆటలకి చాలు. 2004లో వచ్చిన నింటెండో డీఎస్ అనే ఆటల పరికరంలో మైకులోకి ఊదే ఆటలు ఉండేవి. రోజంతా ఆధారపడే పనికి చాలదు. మైకుకి ఊదు అంటే తక్కువ పౌనఃపున్యపు గరగర శబ్దమే, తిరిగే ఫ్యాను గాలి తగిలినా అదే శబ్దం. పీల్చడం మైకుకి తెలియనే తెలియదు. ఫోను కాల్ వచ్చిందంటే మైకు దానికి పోతుంది, స్విచ్ ఆగిపోతుంది, సరిగ్గా కాల్ ఎత్తాల్సినప్పుడు. గొట్టం అస్సలు వద్దనుకునేవాళ్లు ఐఫోన్లో ఐఓఎస్ 15 నుంచి ఉన్న సౌండ్ యాక్షన్స్ చూడండి. నాలుకతో ‘టక్’ మనడం, పెదవులతో ‘పప్’ మనడం లాంటి శబ్దాలను స్విచ్‌గా తీసుకుంటుంది.

ప్ర: నేను కీబోర్డు వాయిస్తాను. నాదస్వరం టోన్ పెడితే ప్రాణం లేనట్టు ఉంటుంది. ఊపిరితో శబ్దం పెంచి తగ్గించే పరికరం చేసుకోవచ్చా? – తిరుపతి

జ: చేసుకోవచ్చు, దీనికి ముందు చెప్పిన సెన్సర్ కాదు. వాయించేవాళ్లు గట్టిగా ఊదుతారు, 2 కిలోపాస్కల్ ఇట్టే దాటిపోతుంది. ఇక్కడ ఎంపీఎక్స్5010డీపీ సరైనది. కిలోపాస్కల్‌కి 450 మిల్లీవోల్టులు ఇస్తుంది, పీల్చడంతో పని లేదు. ఒత్తిడి ఎక్కాల్సిన మూతికే ట్యూబు తగిలించాలి, తిప్పి పెడితే ఏమీ కదలదు.

నోటి దగ్గర ట్యూబులో 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. స్విచ్‌కి మూసిన గొట్టం మంచిది, సంగీతానికి కాదు. గాలి కొద్దిగా బయటికి పోతుంటేనే నిజంగా వాద్యం ఊదుతున్నట్టు శ్వాస నడుస్తుంది. పూర్తిగా మూస్తే రెండు నిమిషాలకే చెవులు దిబ్బెక్కుతాయి.

బోర్డు అదే లియోనార్డో, మిడి (ఎలక్ట్రానిక్ వాద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష) యూఎస్‌బీ లైబ్రరీతో. రీడింగుని 0–127 లోకి మార్చి కంట్రోల్ చేంజ్ 2 మీద పంపండి. మిడిలో ఆ నంబరు ఊపిరికే కేటాయించారు. యమహా డీఎక్స్7 కి 1983లోనే బ్రెత్ కంట్రోలర్ సాకెట్ ఉండేది. 5 నుంచి 10 మిల్లీసెకన్లకొకసారి, విలువ మారితేనే పంపాలి. ఇంట్లో వాడే చాలా కీబోర్డులు 2ని పట్టించుకోవు, అప్పుడు 11 మీద, అంటే ఎక్స్‌ప్రెషన్ మీద పంపి చూడండి. కంప్యూటర్లో అయితే ఉచితంగా దొరికే సర్జ్ ఎక్స్‌టీ అనే సింథసైజర్ ప్రోగ్రాంలో బ్రెత్‌ని దేనికైనా కలుపుకోవచ్చు.

శబ్దస్థాయి ఒక్కటే కలిపితే కుళాయి తిప్పినట్టుంటుంది. ఫిల్టరు కటాఫ్‌ని (టోన్ పదునుని పెంచి తగ్గించే సెట్టింగు) కూడా ఊపిరికి కలపండి, గట్టిగా ఊదినప్పుడు టోన్ మెరుగెక్కాలి. రీడింగుని నేరుగా కాకుండా 1.5 ఘాతానికి వంచితే మెల్లటి ఊదులో పట్టు దొరుకుతుంది. గమకం మాత్రం ఊపిరి ఇవ్వదు. ఎడమ చేతిని పిచ్ బెండ్ చక్రం మీద పెట్టుకోవలసిందే, దాని పరిధి రెండు అరస్వరాలు ఉంచండి.

ప్ర: ఇదే స్విచ్‌తో మోటారు వీల్‌చైర్ నడపొచ్చా? – విజయనగరం

జ: ఇంట్లో చేసిన స్విచ్‌తో వద్దు. ఊపిరితో నడిచే కుర్చీలున్నాయి. సాధారణంగా గట్టి ఊదు ముందుకి, గట్టి పీల్పు ఆగడానికి, మెల్లటి ఊదు కుడికి, మెల్లటి పీల్పు ఎడమకి. ట్యూబు నోట్లోంచి జారితే, మధ్యలో వైరు ఊడితే కుర్చీ ఆగే ఏర్పాటు ఉంటేనే వాటిని వాడాలి. ఫోన్లో ఒక క్లిక్ తప్పితే వెనక్కి వస్తే సరిపోతుంది, మెట్ల దగ్గర కుర్చీకి ఆ అవకాశం లేదు.

ప్ర: మా సంరక్షణ కేంద్రంలో ఒకే స్విచ్‌ని ఇద్దరు వాడుతున్నారు. శుభ్రం చేయడం ఎలా? – ఖమ్మం

జ: పెట్టె ఒకటే ఉండొచ్చు. నోటి ముక్కా, ట్యూబూ, ఫిల్టరూ ఎవరివి వాళ్లకే ఉండాలి. వాటి మీద పేరు రాయండి. నోటి ముక్కని రోజూ సబ్బు నీళ్లతో కడిగి, విదిలించి, పూర్తిగా ఆరబెట్టాలి. సిలికాన్ అయితే మరిగించవచ్చు, పీవీసీ ట్యూబుని మరిగిస్తే మెత్తబడి నలిగిపోతుంది. ఫిల్టరుని కడగకూడదు. ఊదడం కష్టంగా తోచినా, ఫిల్టరు పసుపెక్కినా మార్చేయడమే. సెన్సర్ మూతిలోకి స్పిరిట్ దూది కూడా పోనివ్వకండి.

కాఫీ, టీ తాగిన వెంటనే స్విచ్ పెట్టకండి. నోరు తడిపి తుడిచాకే పెట్టాలి. తీపి అంటుకున్న ట్యూబులోకి రాత్రి చీమలు దూరతాయి, పొద్దున ఊదితే క్లిక్ పడదు. పడుకునే ముందు నోటి ముక్క ఊడదీసి, ట్యూబు కొసకి మూత పెట్టి స్టాండుకి తగిలించండి.